నాయన శ్రుతి

పాడేటప్పుడు మెడ మీద నరం లేవకూడదని పంకజాక్షి మేడం చెప్పేదాకా నాకు తెలియదు. మా ఊళ్ళో నరం లేవకుండా పాడితే అది పాట కిందే లెక్క కాదు.

తొంభై తొమ్మిది ఎండాకాలం అది. తిరుపతిలో ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సంగీతం కాదు, సెరికల్చర్, అంటే పట్టుపురుగుల చదువు. సంగీతం డిపార్ట్‌మెంటులో పంకజాక్షి మేడం సాయంత్రాల్లో మిగతా చదువుల వాళ్ళకు కూడా పాఠం చెబుతుందని విని, ఆ సంక్రాంతి అయ్యాక వెళ్ళి చేరాను. హాస్టల్లో ఒకటే ఎగతాళి. జోలపాట పాడితే పురుగులు గూళ్ళు బాగా కడతాయా అని ఒకతి, నిద్రపోతాయి పాపం వదిలెయ్యి అని ఇంకొకతి. సంగీతమే చదువుగా ఉన్న అమ్మాయిలైతే మమ్మల్ని చూడగానే చాప అంచుకు జరిగి కూర్చునేవాళ్ళు. జరగనీ, నాకేం! నాకు గొంతుందని నాకు గట్టి నమ్మకం. నేను ద్రౌపది కూతుర్ని.

ఆ మాట కొంచెం విడమరచి చెప్పాలి. మాది వడమాలపేట దాటి లోపలికి వెళితే వచ్చే ఊరు. ఏటా ఎండల్లో మా ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది దినాల భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. చివరి రోజు పొద్దున మైదానంలో మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడి తొడ విరగ్గొడతారు. అప్పుడు ద్రౌపది జుట్టు విరబోసుకుని వచ్చి, పాట పాడి, ఆ తొడలోంచి కారే ఎర్రనీళ్ళు తలకు రాసుకుని కొప్పు ముడుస్తుంది. వేషాలన్నీ ఊళ్ళో మగవాళ్ళవే. చెరుకు, వేరుశనగ పండించుకునే మా నాయన మునిరామయ్య నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ద్రౌపదే. మైకులు లేని కాలంలో మొదలుపెట్టిన గొంతు. పక్క ఊరికి వినపడుతుందని మావాళ్ళ గొప్ప. నేను పాట నేర్చుకుంది ఆ గొంతు విని. ఆయన ఎక్కడ మెడ బిగిస్తే నేనూ అక్కడ బిగించేదాన్ని.

మొదటి రోజు మేడం సరిగమలు పాడమంటే ఊరికి వినపడేటట్టు పాడాను. ఆమె శ్రుతిపెట్టె ఆపి, వేలితో నా మెడ తాకింది. ఈ నరం ఎందుకమ్మా ఇంత కష్టపడుతోంది, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అంది. మా నాయన దగ్గర అని తలెత్తి చెప్పాను.

"మీ నాన్నగారు మగవాడు. ఆడగొంతు కోసం గొంతు బిగించుకున్నారు. నువ్వు ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ బిగింపు? నువ్వు నేర్చుకున్నది ఆయన పాట కాదు, ఆయన పడే బాధ."

చాప అంచున కూర్చున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు గోడల మధ్య తంబూరా పక్కన కూర్చుని పాడుకునే వాళ్ళకు భారతం గురించి ఏం తెలుసని నందిని ముందర ఆ రాత్రి బోలెడు తిట్టాను. నందిని నా క్లాసుమేటు. పురుగులకు మల్బరీ ఆకు వేస్తూ అంతా విని, మళ్ళీ వెళ్తావా లేదా అది చెప్పు అంది. వెళ్ళాను. ఏం చేసేది, ఆమె పాడితే వినాలనిపించేది. పెదవులు మూసుకుని కిందిస్థాయిలో హుమ్మంటూ ఉండమని నెల పొడుగునా అదొక్కటే చేయించింది. పాడడానికి వస్తే నోరు మూయించిందేమిటా అని నాకు విసుగు.

ఆ ఏడు ఉగాది ముందర, భారతం సాధనలోనే నాయన గొంతు బొంగురుపోయింది. ఏటా పోయేదే. భారతం అయ్యాక ఆరు నెలలు ఆయన ఇంట్లో గుసగుసగానే మాట్లాడేవాడు, మాకు అలవాటే. ఈసారి మాత్రం పోయింది తిరిగి రాలేదు. తిరుపతికి పిలిపించి చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరుకు చూపించాను. ఆయన చిన్న అద్దం లోపలికి పెట్టి చూసి, మాట పుట్టే చోట కాయలు కాసినట్టున్నాయని, ఈ ఎండాకాలమంతా నోరెత్తకుండా ఉండాలని, మళ్ళీ అరిచాడంటే గొంతు తిరిగొస్తుందని తాను చెప్పలేనని అన్నాడు. నాయన బుద్ధిగా తలూపాడు. బస్‌స్టాండు దాకా తలూపుతూనే వచ్చాడు.

వారం తిరక్కుండా శనివారం ఊరికి వెళితే, ఆయన ముంజేతికి పసుపు కంకణం ఉంది.

అది కట్టుకుంటే ఇక అంతే. భారతం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు, వేషం ఇంకొకరికి ఇవ్వకూడదు, మధ్యలో విప్పకూడదు. పోయిన తరంలో ఎవరో విప్పితే ఏమైందో మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు. పెద్దమనిషి ఏకాంబరం తాంబూలం పట్టుకుని వస్తే ఈయన కాదనలేకపోయాడట. నాకు కోపం ఆగలేదు. డాక్టరు చెప్పింది ఏ చెవితో విన్నావు నాయనా అని వాకిట్లోనే నిలదీశాను.

"ఇన్నేండ్లు కట్టిన చెయ్యి పాపా. ఇంగొకడు కట్టుకుంటే నేను సూస్తా కూర్చోవల్లనా?" అన్నాడు, గాలీ మాటా కలిసిపోయిన గొంతుతో.

అమ్మ పొయ్యి దగ్గర మిరియాల పాలు కాస్తోంది. అమ్మ ఎప్పుడూ భారతం చూడదు. కొత్తగా కాపురానికొచ్చిన ఏడు చూసిందట, అంతే. ఎందుకు చూడవమ్మా అంటే, ఇంట్లో పనెవరు చేస్తారు అని మాట దాటవేసేది. పాల గ్లాసు ఆయన ముందర ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం మేడంతో అంతా చెప్పుకుని ఏడ్చాను. ఇంతకు ముందు నాయన పాటను బాధ అన్నదానికి నేను లోపల లోపల రగులుతున్నాను గదా, ఆ రోజు అదే మాట నేనే అన్నాను. మేడం, ఆయనను నా దగ్గరికి తీసుకురా అంది. పొలిమేర దాటకూడదన్నాను. అయితే నా పాఠం నువ్వే మోసుకుపో అంది.

"ఆయన మామూలుగా మాట్లాడే గొంతు ఎక్కడుందో ముందు వెతుకు. గుసగుస కాదు, మాట. పాట అక్కణ్ణించి మొదలు పెట్టించు. నరం లేచిందో, అక్కడికక్కడ ఆపెయ్."

తన శ్రుతిపెట్టె కూడా ఇచ్చింది. తిత్తి ఆడిస్తే, మీట తిప్పి పెట్టుకున్న ఒకే స్వరం సన్నగా మోగుతూ ఉండే చెక్కపెట్టె. దాన్ని తువ్వాలులో చుట్టుకుని రోజూ తెల్లవారి మొదటి బస్సు ఎక్కేదాన్ని. పొద్దుటి ఆకు నందిని వేసేది. సాయంత్రం మేడం దగ్గర నేర్చుకున్నది పొద్దున నాయనకు నేర్పేదాన్ని. మా క్లాసులో ఇంత పద్ధతిగా చదివింది నేను ఆ ఒక్క సబ్జెక్టే.

పాఠం చెరుకుతోటలో మోటారు కొట్టంలో. ఇంట్లో అయితే ఎవరన్నా వింటారని నాయనకు సిగ్గు. ద్రౌపది కూతురి దగ్గర సరిగమలు నేర్చుకుంటోందంటే ఊరు నవ్వదూ! భారతం మొదలయ్యాక, రాత్రంతా ఆడి వచ్చి, తొట్టి దగ్గర ముఖం మీది అర్దళం రంగు రుద్దుకుంటూ, కళ్ళకు కాటుకతోనే వచ్చి నా ముందర కూర్చునేవాడు. ఆయన మాట్లాడే గొంతు నాకు మనుషుల దగ్గర దొరకలేదు. ఎద్దులకు మేత వేస్తూ వాటితో ఏదో చెప్పుకుంటుంటే దొరికింది. చాటున నిలబడి శ్రుతిపెట్టె మీట తిప్పి తిప్పి చూశాను. నాటకానికి హార్మోనియం వాయించే కుప్పుస్వామి ద్రౌపదికి పట్టే మెట్టుకూ దానికీ పోలికే లేదు. ఎంతో కింద ఉంది.

ఆ శ్రుతి పట్టి పాడమంటే నాయన మొహం చిన్నబోయింది.

"ఇది గొణుగుడు పాపా. పాట గాదు."

"గొణుగే నాయనా. గట్టిగా పాడొద్దనే గదా నేను చెప్పేది."

"ఊరు యినాల గదా?"

"ఇప్పుడు ఈడ ఉండేది నేనొక్కదాన్నే. నాకు ఇనపడతా ఉండాది."

గొణిగాడు. రెండు మాటలు పాడేసరికి అలవాటు కొద్దీ మెడ బిగిసేది. నేను తిత్తి ఆపేసేదాన్ని. ఆయనకు కోపం వచ్చి లేచి మోటారు వేసేవాడు, ఆ చప్పుడులో ఇక పాఠమెక్కడిది. మర్నాడు మళ్ళీ ఆయనే ముందొచ్చి కూర్చునేవాడు. ఒకరోజు, ఎంత చెప్పినా బిగింపు వదలకపోతే, ఇట్లా నాయనా అని నేనే పాడి చూపించాను. ఆయనకు అర్థం కావాలన్న ఆరాటంలో నన్ను నేను మరిచిపోయాను. పాట అయ్యాక చూస్తే నా మెడ మెత్తగా ఉంది, గొంతు ఎక్కడా రాసుకోలేదు. నెలల తరబడి మేడం నా చేత చేయించాలని చూసింది ఇదా అనిపించింది.

నాయన నన్ను కొత్తగా చూశాడు.

"ఇది నీ గొంతా?"

"నాదే నాయనా."

"బాగుండాది. నా మాదిరి లేదు," అన్నాడు. ఆ మాట ఎంత సంతోషంగా అన్నాడో చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది, తువ్వాలు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

కొట్టంలో నేర్చుకున్నది కొట్టంలోనే ఉండిపోయేది, అదీ నా గోడు. రాత్రి రంగస్థలం మీద కుప్పుస్వామి ఎప్పటి మెట్టే నొక్కేవాడు, నాయన ఎప్పటి లాగే ఎక్కేవాడు. ఎందుకట్లా చేస్తావంటే, అంతమంది ముందర దిగేదానికి కాళ్ళు రావడం లేదనేవాడు. దిగడానికి కాళ్ళెందుకు నాయనా, గొంతు గదా దిగాల్సింది అని నేను గొణుక్కునేదాన్ని. చీర ఈడ్చే ఘట్టం ఆడిన మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన కొట్టం గడప మీద కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పెదవులు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. చేతులు చూపించాడు, ఖాళీ అన్నట్టు.

ఇంటికి పరుగెత్తాను. ఊరంతా ఏడ్చిందంట రాతిరి, అంత బాగా పాడినాడంట అని అమ్మ చెప్పింది. వంచిన తల ఎత్తకుండా చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. ఆమె మీద, నాయన మీద, ఏడ్చిన ఊరి మీద అందరి మీదా నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక నేరుగా కుప్పుస్వామి ఇంటికి వెళ్ళాను. ఆయన పెద్దవాడు, నాకు తాత వరస. హార్మోనియం మూత తీసి దుమ్ము తుడుస్తున్నాడు. తాతా, మిగిలిన దినాలైనా మెట్టు దించు, మా నాయనను బతకనియ్యి అన్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు.

"దించేదానికి నాకేం కష్టం పాపా. వేళ్ళు నాలుగు మెట్లు పక్కకి జరిపితే సరి. ద్రౌపది దించి పాడితే మాత్రం కౌరవులు గెల్చినట్టుంటాది. మీ నాయన వచ్చి అడగమను, దించుతా."

అడగడని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాతి రాత్రుల్లో నాయన పెదవులు కదిపాడు, కుప్పుస్వామి పక్కనుంచి పాడాడు. వేషం తప్పలేదు, కంకణానికి మచ్చ రాలేదు. జనం సర్దుకున్నారు. మేడం మాత్రం పూర్తిగా మౌనంగా ఉంచమంది. పొద్దున్నే కొట్టంలో కాస్సేపు నోరు మూసుకుని హుమ్మనడం, అంతే. అది కూడా మొదట రాలేదు. ఊరికే శ్రుతి వింటూ కూర్చునేవాళ్ళం. ఒక పొద్దున ఆ సన్నటి మోతలో ఇంకో మోత కలిసింది. చూస్తే నాయన. కళ్ళు మూసుకుని ఉన్నాడు. భయం కొద్దీ నేను కదల్లేదు. వచ్చింది దారమంత గొంతే. ఇప్పుడిది కూడా తెగితే ఇక లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇక చివరి పొద్దు మిగిలింది. మైదానంలో పాట. ముందురోజు సాయంత్రం ఏకాంబరం మా ఇంటికొచ్చి, ఏం దిగులు పడబాకప్పా, నువ్వు ఊరికే నిలబడి కొప్పు ముడుచుకో, కుప్పుస్వామి పాడతాడు, మైకు పెట్టిస్తాను అన్నాడు. మంచితనంగానే అన్నాడు. నాకైతే దేవుడే వచ్చి చెప్పినట్టుంది. నాయన ఆయన ముఖం చూస్తూ విన్నాడు, తల ఊపలేదు. ఈయన తలూపకపోతే నాకు ఇంకా భయం. కంకణం కట్టినవాడు చివరి పాట వదలడు. ఎక్కి పాడతాడు, గొంతు అక్కడే పోతుంది. జీవితాంతం మూగవాడిలా తిరుగుతాడు మా నాయన. ఆ రాత్రి నేను తిరుపతికి వెళ్ళలేదు.

పొద్దు బాగా ఎక్కాక మట్టి దుర్యోధనుడి చుట్టూ జనం కిక్కిరిశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. నేను ఆడవాళ్ళ వరసలో ముందుకు దూరాను. శ్రుతిపెట్టె నా చంకలోనే ఉంది, ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. భీముడు తొడ మీద కొట్టాడు, మట్టి విరిగి ఎర్రనీళ్ళు కారాయి. నాయన జుట్టు విరబోసుకుని, పసుపుచీర కొంగు దోపుకుని వచ్చి బొమ్మ తల దగ్గర నిలబడ్డాడు. కుప్పుస్వామి హార్మోనియం మీద ఎప్పటి మెట్టు నొక్కి, తానే పాడబోతూ నోరు తెరిచాడు.

నాయన చెయ్యెత్తి వద్దన్నాడు. హార్మోనియం ఆగింది.

నేను కళ్ళు మూసుకున్నాను. ఇక చూడలేననుకున్నాను. పాట మొదలైంది. ఎక్కడో కింద, ఎద్దులతో మాట్లాడే చోట మొదలైంది. కళ్ళు తెరిచి ఆయన మెడ చూశాను. ఎండకు చెమట కారుతోంది, నరం లేవలేదు.

మైకు కుప్పుస్వామి ముందరే ఉండిపోయింది, వెనక వరసల్లో వినపళ్ళేదని అరిచారు. మావాళ్ళ కుర్రాళ్ళు, ఇదేందిరా ద్రౌపదికి మగగొంతు వచ్చిందే అని నవ్వారు. నాయన చెవుల్లో అవన్నీ పడ్డాయి, రంగు కింద ఆయన ముఖం ముడుచుకోవడం నాకు కనబడింది. అయినా ఎక్కలేదు. కుప్పుస్వామి కాసేపు వేళ్ళు గాల్లో పెట్టుకుని విని, ఆ మెట్టు వెతుక్కుని, మెల్లిగా కింద కలిశాడు. నా పక్కనున్న ముసలామె మునిరత్నమ్మ వంగి వంగి వింటూ, మాటలిప్పుడు తెలస్తా ఉండాయే, ఇన్నేండ్లూ తెలీలేదు అంది. నాయన పాటంతా పాడాడు, ఒక్క చరణం మింగలేదు. ఎర్రనీళ్ళు తలకు రాసుకుని కొప్పు ముడిచాడు. నాకు ఎంత ఏడుపొచ్చిందంటే పక్కవాళ్ళు దేవత పూనిందేమోనని పసుపునీళ్ళు చల్లారు.

గుడి ముందర కంకణం విప్పేటప్పుడు ఏకాంబరం నాయన భుజం మీద చెయ్యి వేశాడు. వచ్చే ఏడు మా ధర్మేంద్రకు కడదామప్పా, ఊరికి వినపడే గొంతు కావాల గదా అన్నాడు. ధర్మేంద్ర ఆయన తమ్ముడి కొడుకు. అట్లనే కట్టండి అని నాయన అన్నాడు. అనేశాడు గానీ, విప్పిన కంకణం చేతిలో పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆయన పోగొట్టుకున్నది చిన్నదేం కాదు. నేను దగ్గరికి పోలేదు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. మేం పొద్దున వెళ్ళినప్పుడు అమ్మ పొయ్యి దగ్గరే ఉంది, వచ్చినప్పుడూ అక్కడే ఉంది. నాయన సగం కడిగిన ముఖంతో, చీర మడిచి ఒళ్ళో పెట్టుకుని, అరుగు మీద కూలబడ్డాడు. లోపలికి చూసి పిలిచాడు.

"రుక్మిణీ, రవంత నీళ్ళు తీసకరా."

గట్టిగా కాదు. గుసగుసా కాదు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ చెంబుతో గడప దాకా వచ్చి నిలబడిపోయింది. నన్ను చూసింది, ఆయనను చూసింది.

"పిలిచింది నువ్వేనా?"

"నేనే. ఏం మే?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాపరానికొచ్చిన యేడు నన్ను ఇట్లనే పిలిచేవాడు పాపా మీ నాయన," అంది నాతో. "ఆ యేడే ద్రౌపది కట్టినాడు. మళ్ళా నేనీ గొంతు ఇనలే."

నాయన నీళ్ళకోసం చెయ్యి చాచాడు. అమ్మ ఇవ్వలేదు. గడప మీద కూర్చుని, ఇంకొకసారి పిలవమంది. నాయన నా వైపు చూసి సిగ్గుపడి, మళ్ళీ రుక్మిణీ అన్నాడు. అమ్మ పలకలేదు. ఇంకొకసారి అంది.